సమోసా తర్వాత మీరే

వైకుంఠంగారు ఒక మెసేజీని దాటేసి ఇంకో మెసేజీ చదవరు. ఆయన గురించి ఇదొక్కటి తెలిస్తే చాలు, మిగతాదంతా దీంట్లోంచే వస్తుంది. ఫోన్లో ఎన్ని మెసేజీలు పడి ఉన్నా, తాను చదవని వాటిలో అన్నింటికంటే పాతది ఎక్కడుందో అక్కడిదాకా వేలితో తోసుకుంటూ పోతారు. దాన్ని చదువుతారు. దానికి జవాబు రాస్తారు. ఆ తర్వాతే దాని కిందిదాని మొహం చూస్తారు. రాసేది ఒంటి వేలితో, ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుని. అందువల్ల సోమవారం మనం అడిగినదానికి గురువారం జవాబొస్తుంది. గురువారం అడిగినదానికి ఎప్పుడొస్తుందన్నది ఆ మధ్యలో అక్షయ్ ఎన్ని ఫోటోలు పెట్టాడన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

మేం నలుగురం ఒక ఆన్‌లైన్ డిప్లొమాలో కలిశాం. ఆఫీసు నిర్వహణలో ఆరు నెలల కోర్సు. క్లాసులకు టైమంటూ లేదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు పాఠం చూసుకోవచ్చు. అదే దాని గొప్పదనమని ప్రకటనలో రాశారు. గ్రూపు ప్రాజెక్టు మొదలయ్యాక అదే దాని తిప్పలని తెలిసింది. నేను పొద్దున్నే ఇంటిపని మొదలుకాక ముందు రాస్తాను. అక్షయ్‌ది అఫ్జల్‌గంజ్‌లో తాతల నాటి స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం, బేరాలు లేనప్పుడు గల్లా దగ్గర కూర్చుని రాస్తాడు. షారోన్ చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తుంది, పేషెంట్ల మధ్య సందు దొరికితే రాస్తుంది. ఆమెకు చిన్న పాప ఉంది. పాప నిద్రపోయే వేళకు ఈమె డ్యూటీకి పోతుంది, పాప లేచే వేళకు వచ్చి ఈమె నిద్రపోతుంది. డిప్లొమా చేతికొస్తే పగటిపూట రిసెప్షన్‌లోకి మారుస్తామని వాళ్ల మేనేజర్ మాటిచ్చాడు. ఆ మాట కోసమే కోర్సులో చేరింది.

నాలుగో మనిషి వైకుంఠంగారు. రిటైరై ఏడాదైంది. సర్వీసంతా సిటీ బస్సు పాసుల కౌంటర్లో గడిపారు.

"ఇప్పుడు పాసులన్ని ఫోన్లనే తీసుకుంటున్రు. ఆఖరుకు ఆఖరుకు నా కిటికీ కాడికి పావురాలు తప్ప ఎవ్వలు రాలే. గీ ఫోన్ల ఏమున్నదో చూద్దామని చేరిన" అని మొదటిరోజు పరిచయంలో రాశారు. మొదటిరోజు పరిచయం ఆయన రాసింది మూడోరోజు అనుకోండి. మా పరిచయాలన్నీ చదివి, తలా ఒక జవాబు రాసి, తన వంతు వచ్చాకే రాశారు.

అందరికంటే ముందు నమస్తే అన్న నేరానికి నన్ను గ్రూపు లీడర్ని చేశారు. కోర్సు నడిపే పురుషోత్తం సార్ నియమం ఒకటే. నలుగురి భాగాలూ ఉంటేనే ప్రాజెక్టు తీసుకుంటారు. ఎవరైనా పని చేయకపోతే వాళ్ల పేరు తీసేయమని లీడర్ ముందుగా రాయవచ్చు. తీసేసిన మనిషి కోర్సు మళ్లీ మొదటి నుంచి చేయాలి. మేం తీసుకున్న విషయం, చాంద్రాయణగుట్ట చౌరస్తాలో బస్సు కోసం నిలబడేవాళ్ల ఇబ్బందులు. ముందుమాట, ముగింపు నావి. చుట్టుపక్కల దుకాణాల వాళ్ల మాటలు, ఫైలు అందంగా దిద్దే పని అక్షయ్‌వి. షిఫ్టు డ్యూటీలకు పోయే ఆడవాళ్ల సంగతి షారోన్‌ది. ముసలివాళ్ల సంగతి వైకుంఠంగారిది.

మొదటి వారంలోనే ఒక గురువారం ఆయన దగ్గర్నుంచి వచ్చింది. "వీణమ్మా, సోమవారం గుడ్ మార్నింగ్ చెప్పినందుకు ధన్యవాదాలు. నీకు సుత సోమవారం మంచిగ గడువాలె."

సోమవారం నాకు ఆఫీసులో మెమో వచ్చింది. ఆ దీవెన కాస్త ముందే అందితే ఏమైనా తేడా ఉండేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత అక్షయ్ వాళ్ల నానమ్మ సంగతి. ఆమెకు ఒక సోమవారం కళ్లు తిరిగితే దవాఖానలో చేర్చారు. అక్షయ్ గ్రూపులో పెట్టాడు. మర్నాడు ఇంటికి తెచ్చేశారు, అదీ పెట్టాడు. బుధవారం ఆమె పుట్టినరోజు, కేకు ముందు కూర్చున్న నానమ్మ ఫోటో పెట్టాడు. గురువారం వైకుంఠంగారు డబల్ రొట్టె, యాపిల్ పండ్లు తీసుకుని దవాఖానకు పోయారు. ఆ మంచం మీద ఇంకొక ముసలామె ఉంది. ఈయన కూర్చుని ఆమెతో మాట్లాడి, తెచ్చినవన్నీ ఆమెకిచ్చి, తిరుగు బస్సులో మంగళవారం మెసేజీ చదివారు.

అక్షయ్ ఫోన్ చేశాడు. "అంకుల్, ఇంటికి వచ్చిందని చెప్పిన గద."

"చెప్పినవ్ బాబు. అది నీ మొదటి మెసేజ్ వెనక ఉండె."

"మరి ఆమె ఎవరు?"

"నీలమ్మ. కొడుకు డ్యూటీల ఉండి రాలేదట. మస్తు మాట్లాడింది. మీ నానమ్మ కాకపోతే ఏంది, ఎవలదో నానమ్మనే గద."

కేకుకు శుభాకాంక్షలు శనివారం అందాయి.

అందరం ఒక్కసారి మొహాలు చూసుకుందామని నేనొక శనివారం వీడియో మీటింగు పెట్టాను. ముగ్గురం వచ్చాం. మంగళవారం అదే టైముకు వైకుంఠంగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఖాళీ మీటింగులో కూర్చున్నారు. లింకు పనిచేస్తుందో లేదో చూద్దామని పురుషోత్తం సార్ అందులోకి తొంగిచూశాడట.

"ఎవరండీ మీరు?"

"శనివారం మీటింగుకు వచ్చిన సార్."

"ఇవాళ మంగళవారం కదా."

"నాకాడ ఇంక శనివారమే నడుస్తున్నది సార్."

ఈ కోర్సులో ఎవరి టైమైనా ఒప్పేనని పాఠం చెప్పిన మనిషి కాబట్టి సార్ హాజరు వేసుకుని వెళ్లిపోయాడట.

నేను నేరుగా ఫోన్ చేసి చూశాను. "అంకుల్, పైవన్నీ వదిలేసి నా ఆఖరి మెసేజీ ఒక్కటి చూడండి. మీ భాగం ఎప్పుడిస్తరో చెప్పండి."

"చూస్త బిడ్డా. లైన్ల ఉన్నది. నీ ముంగట అక్షయ్ సమోసా ఉన్నది."

"అది ఉత్త ఫోటో అంకుల్. దానికి జవాబెందుకు?"

"పిలగాడు తినేది ఆపి ఫోటో తీసి పంపిండు. చూసి ఊకుంటె ఎట్ల?"

ఆ సాయంత్రం సమోసాకు జవాబొచ్చింది. అది ఏ దుకాణంది, లోపల ఉల్లిగడ్డనా ఆలుగడ్డనా, వేడి మీదనే ఇస్తడా, పచ్చ చట్నీకి వేరే పైసలా. అక్షయ్ ఆ ప్రశ్నలకు పొంగిపోయి ఇంకో సమోసా ఫోటో పెట్టాడు. నా మెసేజీ వాటి వెనక నిలబడింది. అప్పటి నుంచి ఏదైనా ఆలస్యమైతే మా ఇంట్లో కూడా "సమోసా తర్వాత మనమే" అనుకోవడం అలవాటైంది.

అక్షయ్ వ్యాపారస్తుల పిల్లవాడు, అడ్డదారి కనిపెట్టాడు. గ్రూపులో కాకుండా ఆయనకు విడిగా మెసేజీ పెట్టాడు. రెండు రోజులకు గ్రూపులో అందరి ముందూ జవాబొచ్చింది. "అక్షయ్ బాబు, పక్క నుంచి వస్తున్నవేంది. లైన్ల రా."

ఈ జబ్బు కోర్సుతో వచ్చింది కాదు. కౌంటర్లో ఉన్న రోజుల్లో ఒకసారి సొంత మామగారే వచ్చి, కిటికీ పక్క నుంచి చేయిపెట్టి, అల్లుడూ అన్నాడట. వైకుంఠంగారు నిలబడి నమస్కారం పెట్టి, "లైన్ల రండ్రి మామా" అన్నారట. మామగారు లైన్లో నిలబడి పాసు తీసుకుని, ఆ ఏడాది పండగలకు కూతుర్నొక్కదాన్నే పిలిచాడు. ఈ సంగతి నాకు చెప్పింది చంద్రమ్మగారు, ఆయన భార్య. ఆమె దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది.

"పెండ్లిచూపులల్ల నేను మూడోదాన్నమ్మా. నేనే నచ్చిన్నట. మొదటి ఇద్దరి ఇండ్లకు పోయి, ఫలానా కారణమని చెప్పి, వాళ్లు సరే అన్నంకనే మా ఇంటికి కబురు పంపిండు. అప్పటిదాంక మా నాయిన ఈ పిలగానికి మాటలొస్తయా రావా అని అడిగిపిచ్చిండు."

సరే. ప్రాజెక్టు ఇవ్వాల్సిన ఆదివారం దగ్గరికొచ్చింది. ఎవరి పేరైనా తీసేయాలంటే శనివారం సాయంత్రంలోగా రాయాలని సార్ మెసేజీ పెట్టాడు. ఫైలు తెరిచి చూశాను. నా భాగం ఉంది. అక్షయ్ భాగం ఉంది, చుట్టూ పూలతీగల బార్డరుతో. షారోన్ శీర్షిక కింద ఖాళీ. ఆమె గురించి నాకు ఫికర్ లేదు, ఆసుపత్రి మనిషి, ఎప్పుడూ ఆఖరి నిమిషంలోనే పెడుతుంది. వైకుంఠంగారి శీర్షిక కింద కూడా ఖాళీ.

అన్నింటికంటే వింత, ఆయన జవాబులు ఆగిపోయాయి. ఆలస్యం కాదు, అసలు ఆగిపోయాయి. అంతకు ముందు వారం మా గ్రూపులో అట్ట రంగు మీద పెద్ద లొల్లి జరిగింది. నేను నీలం అన్నాను. అక్షయ్ మెరూన్ అన్నాడు. నీలం ఆఫీసు ఫైలులా ఉంటుందని వాడు, మెరూన్ పెళ్లి కార్డులా ఉంటుందని నేను, ఒక సాయంత్రమంతా ఎడాపెడా రాసుకున్నాం. వాడు రంగు రంగు అట్టల నమూనాలు పెట్టాడు. చివరికి నాకే విసుగొచ్చి ఒప్పుకున్నాను. వైకుంఠంగారు తీరిగ్గా ఆ లొల్లిలోకి దిగి, ఒక్కో మెసేజీకి జవాబిచ్చుకుంటూ వస్తున్నారు. మంగళవారం "నాకు సుత నీలమే మంచిగనిపిస్తున్నది" అన్నారు. అంతే. బుధవారం లేదు. గురువారం లేదు. అక్షయ్ ప్రయోగం కోసం సమోసా ఫోటో పెట్టాడు. దానికీ లేదు.

"అక్కా, అయిపోయింది" అన్నాడు అక్షయ్ ఫోన్లో. "సమోసాకు సుత జవాబు లేదంటే అంకుల్ కోర్సు ఇడిచిపెట్టిండు. పేరు తీసేయమని రాసెయ్."

"పెద్దాయన. ఒక్కసారి అడక్కుండా ఎట్ల తీసేస్తం?"

"అడుగుతె జవాబు ఎప్పుడొస్తది? ఎండకాలమా?"

ఫోన్ చేస్తే ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం ఆటో ఎక్కి ఆయన ఉండే ఛత్రినాకకు పోయాను. ఆన్‌లైన్ కోర్సులో తోటి విద్యార్థి ఇంటికి పోవడం నియమాలకు విరుద్ధమేమీ కాదు గానీ, ఎవరూ అంతవరకూ ఊహించి ఉండరు. బోనాలకు వేసిన రంగు ఇంకా వెలిసిపోని గల్లీలో, కూరగాయల బండి అతన్ని పాసుల వైకుంఠంగారి ఇల్లేదని అడిగితే, "లైన్ సారా" అని చేయి చూపించాడు.

చంద్రమ్మగారు తలుపు తీశారు. నేనెవరో చెప్పగానే, "అయ్యో, లీడరమ్మవా. లోపట పని నడుస్తున్నది. జర కూసో, పిలుస్తరు" అని వరండాలో కుర్చీ వేశారు. అప్పుడే ఆమె నాకు మామగారి సంగతి, పెళ్లిచూపుల సంగతి చెప్పింది. చాయ్ కూడా తెచ్చింది. కాసేపటికి నేను డాక్టరు గది బయట కూర్చున్నట్టు అయిపోయాను. కిటికీలోంచి లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"ఊఁ, బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లకు. తర్వాత చెప్పు."

"కూసోనీకె జాగ ఉండదు."

"ఉం... డ... దు. దు ఏడున్నది ఇండ్ల?"

"కింద, బాపూ. ఇటు పక్కకు."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. లేచి లోపలికి తొంగిచూశాను. ప్లాస్టిక్ కుర్చీలో షారోన్, మెడలో ఆసుపత్రి కార్డు, ఒళ్లో పాప. ఎదురుగా మనవడి పాత లాప్‌టాప్ ముందు వైకుంఠంగారు, ముక్కు చివర కళ్లద్దాలు, గాల్లో లేచి ఉన్న ఒక వేలు.

"షారోన్, నువ్విక్కడున్నవేంది?"

షారోన్ లేవబోయింది. వైకుంఠంగారు తలెత్తకుండానే, "కూసో బిడ్డా. ఇంక నీ పని కాలే" అని, నా వైపు చేయి చూపించారు. "వీణమ్మా, జర ఆగు. ఈమె తర్వాత నువ్వే."

"ఆగేది కాదంకుల్. ఇవాళ సాయంత్రంలోగా పేర్లు..."

"పేర్ల సంగతే నడుస్తున్నది" అన్నారు ఆయన.

షారోన్ తల దించుకుని అంది. "నా పేరు తీసేసిన్రు గదక్కా. మీరందరు సరే అన్నరు గద."

"ఎవరన్నరు? ఏం సరే అన్నం?"

ఆమె ఫోన్ తీసి చూపించింది. మా అట్ట రంగు లొల్లి నడిచిన సాయంత్రం. నేను, అక్షయ్ పోట్లాడుకుంటున్న మెసేజీల మధ్యలో, డ్యూటీకి పోతూ షారోన్ పెట్టింది ఒకటుంది. "నా భాగం మీకు నచ్చుతలేదు. నాతోని అయితలేదు. నేను కోర్సు బంద్ చేస్తున్న. నా పేరు తీసేయుండ్రి." దాని కిందనే అక్షయ్. "ఫైనల్. ఇంక దీని మీద మాటలొద్దు." దాని కింద నేను. "సరే. పీడ పోయింది." దాని కింద అక్షయ్ చప్పట్లు కొట్టే బొమ్మలు, ఒక వరుస నిండా.

మెరూన్ గురించి అన్న ఆ మాటలు ఇప్పుడు ఆ వరుసలో చదువుతుంటే నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

"అది అట్ట రంగు గురించి షారోన్" అన్నాను. "దేవుని మీద ఒట్టు. నీ మెసేజీ మేమిద్దరం చూడనేలేదు."

"నేను సుత ముందు గట్లనే అనుకున్న. కని నా భాగం రెండుసార్లు తీసేసిన్రు గద. ఫోన్ల కొట్టి పెట్టిన, పొద్దున చూస్తె లేదు. మళ్ల పెట్టిన, మళ్ల లేదు. మంచిగ లేదని మొహం మీద చెప్పలేక తీసేస్తున్రు అనుకున్న."

నేను అక్కడే నిలబడి అక్షయ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "ఫైల్లో షారోన్ భాగం నువ్వు ముట్టుకున్నవా?"

"లేదక్కా. ఆమె ఏం పెట్టలే." గల్లా పెట్టె మూసిన చప్పుడైంది. "ఒకటి ఉండె. అక్షరాలు ఒకటి పెద్దగ ఒకటి చిన్నగ, నడుమ నడుమ ఖాళీలు. ఎవలో ఫోన్ జేబుల పెట్టుకుంటె దానంతట అదే కొట్టుకున్నదనుకుని సాఫ్ చేసిన."

"రెండుసార్లా?"

"రెండోసారి సుత జేబులనే అనుకున్న అక్కా."

షారోన్ అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్నది కాస్తా నవ్వేసింది. తల్లి నవ్వడం చూసి పాప కూడా నవ్వింది. వైకుంఠంగారు మాత్రం నవ్వలేదు, ఆయన 'బస్టాపు' అనే మాట సగంలో ఉన్నారు.

ఆయనకు షారోన్ మెసేజీ చేరింది మంగళవారం. నీలం మంచిగుందని నాకు జవాబిచ్చి కిందికి దిగితే, లైన్లో తర్వాతి మనిషి షారోన్. "ఎందుకని బిడ్డా?" అని విడిగా ఆమెకు రాశారు. జవాబు లేదు. ఫోన్ చేశారు. ఎత్తలేదు. డ్యూటీ దిగి ఎక్కడ బస్సెక్కుతుందో మా ప్రాజెక్టులోనే ఉంది కాబట్టి, బుధవారం పొద్దున చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద నిలబడ్డారు. ఆమె ఫోటోలో తప్ప కనబడ్డ మనిషి కాదు. అందుకని ఆసుపత్రి కార్డు మెడలో ఉన్న ప్రతి ఆడపిల్లనూ వరసగా "నువ్వు షారోన్‌వా బిడ్డా" అని అడిగారు. ఒకామె పోలీసును పిలుస్తానంది. పోలీసతను వచ్చాడు కూడా. సంగతి విని అతనూ ఈయనతో కలిసి అడగడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి షారోన్‌ను పట్టుకున్నారు.

"నేను మస్తు భయపడ్డ అక్కా" అంది షారోన్. "పోలీసుతోని కలిసి ఒక పెద్దమనిషి, ఎందుకని బిడ్డా అని అడుగుతుండు. ఏం ఎందుకనో నాకు సమజ్ కాలే. వారం కింద నేను పంపిన మెసేజ్ అని ఎట్ల అనుకుంట?"

అప్పటి నుంచి రోజూ ఆమె నిద్రలేచాక పాపను తీసుకుని వస్తోంది. ఆమె చెబుతుంది, ఈయన కొడతారు. తాను కొడతానంటే ఈయన ఒప్పుకోలేదు, డ్యూటీ చేసి వచ్చిన చేతులకు మళ్లా పనెందుకని. దాంతో ఒక గంటలో అయ్యే పని నాలుగు రోజులుగా సాగుతోంది. పాపను చంద్రమ్మగారు వంటింట్లో ఆడించారట. ఇవాళ మాత్రం పాప కూడా ఆ వేలు ఎప్పుడు దిగుతుందో చూడాలని ఒళ్లోంచి కదల్లేదు.

"అంకుల్, ఇంత జరిగితే గ్రూపులో ఒక్క ముక్క రాయొచ్చు కదా. మేం మీరే కోర్సు ఇడిచిపెట్టిన్రనుకున్నం. మీ పేరు తీసేద్దామని వచ్చిన నేను."

ఆయన మొదటిసారి లాప్‌టాప్ మీంచి వేలు ఎత్తి పక్కన పెట్టుకున్నారు.

"కిటికీ కాడ ఒక మనిషి నిలబడి ఉంటె, ఆమె పని కాకముందుకే తర్వాతోల్లను పిలుస్తమా బిడ్డా? ఆమె పాసు చేతికియ్యాలె. అప్పుడు నువ్వు."

"మరి మీ భాగం?"

"అది సుత లైన్లనే ఉన్నది. నీ వెనక."

అంటే ఆ ఇంట్లో ఆయన తనకోసం తాను కూడా లైన్లో నిలబడ్డారు. అదృష్టం బాగుండి నా ముందున్న సమోసాల సంగతి ఆయన ఎత్తలేదు. లాప్‌టాప్ నా ఒళ్లోకి తీసుకోవడానికి మాత్రం చంద్రమ్మగారి సాయం కావలసి వచ్చింది. "ఆ పిల్ల పది వేళ్లతోని కొడ్తది, ఇయ్యయ్యా" అని ఆమె వంటింట్లోంచి అరిచింది. ఆయన ఇచ్చారు, కౌంటర్ డ్యూటీ మారినప్పుడు చేసినట్టు, ఎంతవరకూ అయిందో చెప్పి మరీ ఇచ్చారు.

షారోన్ చెప్పింది కొట్టాను. ఆమె చెబుతుంటే ఒక సంగతి తెలిసింది, మా నలుగురిలో ఆ చౌరస్తాలో నిజంగా రోజూ బస్సు కోసం నిలబడుతున్న మనిషి ఆమె ఒక్కతే. నా ముందుమాట దానిముందు పత్రికలోంచి కత్తిరించినట్టుంది. అక్షయ్ రెండుసార్లు చెత్తలో వేసింది దీన్ని.

అక్షయ్ దుకాణం నాన్నకు అప్పగించి సాయంత్రానికి వచ్చాడు. చేతిలో నూనె మరకల కాగితం సంచి. సంచి చూడగానే వైకుంఠంగారి మొహం వెలిగింది.

"ఇదేనా అది?"

"అదే అంకుల్. ఉల్లిగడ్డది. వేడి మీదనే ఉంది."

చేయి చాపబోయి ఆగారు. "ముంగట ఆ పిల్లకు సారీ చెప్పు. తర్వాత సమోసా."

అక్షయ్ షారోన్ ముందు నిలబడి చెవులు పట్టుకున్నాడు. "అక్కా, తప్పయింది. ఇంక జేబుల కొట్టుకున్నయి సుత చదివినంకనే తీసేస్త." అప్పటికి గానీ సంచి విప్పనివ్వలేదు. పంచేటప్పుడు కూడా మేం వచ్చిన వరసలోనే పంచారు. తెచ్చినవాడికి ఆఖరున దొరికింది, దానికి చట్నీ మిగల్లేదు.

తర్వాత వైకుంఠంగారు తన భాగం చెబుతుంటే నేను కొట్టాను. ముసలివాళ్ల గురించి ఏం చెబుతారోనని చూశాను. బస్సాగిన చోట ముందు వచ్చినవాళ్లకు ముందు సీటు అన్నదొక్కటి జరిగితే సగం ఇబ్బందులు పోతాయన్నారు. మిగతా సగానికి బెంచీలు అడిగారు. ఎవరి పేరూ తీసేయమని సార్‌కు రాయలేదు. ఆదివారం ఫైలు పంపించాం. అట్ట రంగు మర్చిపోయాం. తెల్లదే వెళ్లింది.

ప్రాజెక్టు పాసైంది. షారోన్ భాగం చాలా బాగుందని సార్ విడిగా రాశాడు. తర్వాతి నెలలో డిప్లొమా చేతికొచ్చి ఆమె పగటి డ్యూటీలోకి మారింది. ఆ సంగతి గ్రూపులో పెట్టగానే నేను, అక్షయ్ ఆ నిమిషంలోనే అభినందనలు చెప్పేశాం. గంటలో ఆ విషయం పాతబడిపోయింది. గురువారం వైకుంఠంగారి దగ్గర్నుంచి వచ్చింది. మొదటిరోజు రిసెప్షన్‌లో ఎవరెవరు వచ్చారు, కుర్చీ మంచిగుందా, కిటికీ ఉందా, లైన్ల వస్తున్నరా లేక మీద పడుతున్నరా. షారోన్ ఆ సాయంత్రమంతా కూర్చుని ఒక్కోదానికి జవాబు రాసింది. సంతోషం ఆమెకు రెండోసారి వచ్చినట్టుంది.

కోర్సయిపోయింది కాబట్టి గ్రూపు మూసేద్దామన్నాడు అక్షయ్. నేను సరే అన్నాను, ఈసారి పైనా కిందా ఏముందో చూసుకుని మరీ అన్నాను. వైకుంఠంగారు ఆ మాట దగ్గరికి రావడానికి వారం పట్టింది. "లైన్ల మనుషులుండంగ కౌంటర్ ఎట్ల బంద్ చేస్తం" అన్నారు. చూస్తే నిజమే, ఈలోగా ఎవరో ఒకరు ఏదో ఒకటి పెట్టాం. అవయ్యేదాకా ఆగుదామనుకున్నాం.

అవి అయ్యాయి. గ్రూపు నిశ్శబ్దమైంది. అప్పుడు చంద్రమ్మగారు నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, మీకు పని లేకపోతె జర ఏదన్న పంపుండ్రి. ఏమొస్తలేదని ఈయన పొద్దుగూకులు ఫోన్ తిప్పి తిప్పి చూస్తుండు. ఇందాక కరెంటు బిల్లు మెసేజ్‌కు ధన్యవాదాలు రాసిండు."

ఈ సంగతి నేను అక్షయ్‌కి, షారోన్‌కి విడివిడిగా చెప్పాను. ముగ్గురం ఏమీ అనుకోలేదు, ఒప్పందం ఏమీ లేదు. కానీ ఆ గ్రూపు ఇప్పటిదాకా మూతపడలేదు. అక్షయ్ కొత్తగా వచ్చిన స్టీలు డబ్బాల ఫోటోలు పెడతాడు, ఏది మంచిగుందని అడుగుతాడు. షారోన్ పొద్దున పాపకు జడ వేస్తూ ఫోటో పెడుతుంది. నాకు ఏం పెట్టాలో తెలియక నిన్న ఒక సమోసా ఫోటో పెట్టాను.

జవాబు ఇంకా రాలేదు. తొందరేం లేదు. నా ముందు షారోన్ పాప ఉంది.